ఓక్ చెట్ల కింద లాన్ నిలవడం లేదు, పెన్సిల్వేనియా సెడ్జ్ వేసినవాళ్లు ఉన్నారా?

పద్మజ_ప్లెయిన్స్‌బరో (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా వెనక యార్డులో రెండు పెద్ద రెడ్ ఓక్‌లు ఉన్నాయి, పక్కింటి నార్వే మేపుల్ కంచె దాటి మా వైపు వాలి ఉంటుంది. వీటి కింద సుమారు 200 చదరపు అడుగుల జాగాలో గడ్డి బతకడం లేదు. ఏటా సెప్టెంబరులో టాల్ ఫెస్క్యూ విత్తనం చల్లిస్తాం, అక్టోబరుకి పచ్చగా వస్తుంది, మళ్లీ జూలై వచ్చేసరికి ఉత్త మట్టి. లాన్ చూసే కంపెనీవాళ్లు ఇంకో సంచి విత్తనం, ఇంకో సంచి ఎరువు అంటారే తప్ప నీడ గురించి ఒక్క మాట ఎత్తరు. గట్టి వాన పడితే ఆ మట్టంతా కొట్టుకొచ్చి పేషియో మీద పేరుకుంటోంది.

పెన్సిల్వేనియా సెడ్జ్ అనే గడ్డిలాంటి మొక్క ఇక్కడి అడవుల్లో ఓక్‌ల కిందే పెరుగుతుందని విన్నాను. స్వయంగా వేసినవాళ్లు ఉంటే చెప్పండి. విత్తనం చల్లాలా, మొక్కలు కొనాలా? ఎన్ని పడతాయి? పిల్లలు తొక్కితే తట్టుకుంటుందా? జింకలు రోజూ వస్తాయి, హోస్టాలు ఒక్కటి కూడా మిగల్చలేదు, అందుకే అడుగుతున్నాను.

ఓక్‌నీడ (చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా)

పద్మజ గారూ, మీరు చెప్పిన చోటు ఈ మొక్కకి అచ్చంగా సరిపోతుంది. ముందు విత్తనం సంగతి వదిలేయండి. కేరెక్స్ పెన్సిల్వేనికా (ఈ సెడ్జ్ శాస్త్రీయ నామం అదే) విత్తనం కట్టేదే తక్కువ, కట్టినా మొలకెత్తేది ఇంకా తక్కువ. నర్సరీలవాళ్లు కూడా ఎక్కువగా దుబ్బులు విడదీసి ప్లగ్‌లుగానే, అంటే వేర్లతో ఉన్న చిన్న మొక్కలుగానే అమ్ముతారు. అడుగుకొకటి నాటితే మీ జాగాకి 200 ప్లగ్‌లు, 8 అంగుళాలకొకటి అయితే 450 పడతాయి. నా సలహా 10 అంగుళాలు, అంటే దాదాపు 290. 50 ప్లగ్‌ల ట్రేలు దొరుకుతాయి కాబట్టి ఆరు ట్రేలు తీసుకుంటే సరిపోతుంది. కుండీ మొక్కలు కొనకండి, అంత డబ్బు పెట్టినా రెండో ఏడాదికి రెండూ ఒకేలా ఉంటాయి.

నాటేటప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. చెట్టు కింద రోటోటిల్లర్ (నేల దున్నే యంత్రం) పెట్టనివ్వద్దు, పైన కొత్త మట్టి పోయించవద్దు. ఓక్ నీళ్లు పీల్చుకునే సన్నని వేర్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. దున్నితే చెట్టుకే దెబ్బ, ఆ దెబ్బ బయటపడటానికి కొన్నేళ్లు పడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. చేతి కత్తితో ప్లగ్ పట్టేంత గుంట తియ్యడం, వేరు తగిలితే నాలుగు అంగుళాలు పక్కకి జరగడం, అంతే. వరసలు సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు, ఇది మట్టిలో అడ్డంగా దుంపకాండాలు పంపి అదే అల్లుకుంటుంది. ఎరువు అసలు వద్దు.

పూర్తిగా అల్లుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, మేపుల్ వైపు ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ మొదటి రెండేళ్లే అసలు పరీక్ష. మొక్క తనంతట తాను చావదు, మధ్యలో ఖాళీలు ఉన్నాయి కాబట్టి కలుపు వచ్చి మింగేస్తుంది. మొదటి వేసవిలో వాన లేని వారం నీళ్లు పెట్టండి, వారానికోసారి వంగి కలుపు తీయండి. ఈ రెండూ చేస్తే తర్వాత దానికి మీ అవసరం పెద్దగా ఉండదు.

జింకలు దీని జోలికి దాదాపు రావు. పిల్లలు అప్పుడప్పుడూ దాటి వెళ్తే ఏమీ కాదు, క్రికెట్ పిచ్ చేస్తే మాత్రం ఆగదు. రోజూ నడిచే దారి ఉంటే అక్కడ రాళ్లు పరచండి.

కరీంనగర్_టు_కొలంబస్ (ఒహాయో)

అన్నా, ఒక డౌట్. మా నాన్న మొన్న ఇక్కడికి వచ్చిండు. నేను ఆన్‌లైన్‌లో ఈ సెడ్జ్ ఫోటోలు చూపిస్తే "ఇది తుంగ గదరా, పొలంల తుంగ పీకి పీకి నా నడుం పోయింది, నువ్వు పైసలు పెట్టి తెచ్చి నాటుతవా" అని ఒకటే కోపం. ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉంది కదా. మా ముందు లాన్‌ల కూడా జూలైల తుంగ లాంటిదే ఒకటి లేస్తది, కోసిన రెండు రోజులకే మిగతా గడ్డి కంటే పైకొచ్చి నిలబడతది. నీడలో వేసింది అట్ల యార్డంతా పాకితే ఏం చెయ్యాలె?

ఓక్‌నీడ

మీ నాన్నగారి కోపం న్యాయమైనదే, ఆయన పోరాడింది చాలా మొండి మొక్కతో. మన పొలాల్లో తుంగ సైపీరస్ రొటండస్. దానికి మట్టిలో గొలుసుకట్టుగా గడ్డలు ఉంటాయి, పైది పీకితే కింద గడ్డ తెగి ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. మీ లాన్‌లో జూలైలో లేచేది బహుశా దాని చుట్టం ఎల్లో నట్‌సెడ్జ్, సైపీరస్ ఎస్కులెంటస్. దానికీ గడ్డలుంటాయి, ఎండ, వేడి, తడి ఉన్నచోట రెచ్చిపోతుంది.

పెన్సిల్వేనికా ఇదే కుటుంబమైనా వేరే జాతి. గడ్డలు ఉండవు. దుంపకాండం ఎంత దూరం పోతే అంతవరకే పాకుతుంది, అదీ నిదానంగా. అక్కర్లేదనుకుంటే పార అంచుతో కోసి ఎత్తేయవచ్చు. పెరిగే కాలం కూడా తేడా: తుంగ నడివేసవి మొక్క, ఇది చల్లదనంలో పెరిగేది, మార్చి చివర్లో లేచి మే కల్లా నిండుతుంది, ఎండలు ముదిరాక ఊరికే ఉంటుంది, శరదృతువులో మళ్లీ కాస్త కదులుతుంది.

నాన్నగారికి చూపించడానికి ఒక పని చేయండి. నట్‌సెడ్జ్ ఆకు వెడల్పుగా, నిగనిగలాడుతూ పసుపు కలిసిన ఆకుపచ్చలో, నిటారుగా ఉంటుంది. పెన్సిల్వేనికా ఆకు రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు, మెత్తగా ఒక పక్కకి వాలిపోతుంది, మొదలు దగ్గర వేళ్లతో విడదీసి చూస్తే ఊదా ఎరుపు రంగు కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే రైతు కళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక: లాన్ కంపెనీవాళ్లు తుంగ మందు కొడుతుంటే ఈ నీడ భాగంలోకి రావద్దని ముందే రాతపూర్వకంగా చెప్పండి.

పద్మజ_ప్లెయిన్స్‌బరో

చాలా థ్యాంక్స్ అండీ. నిన్న ఇంటి దగ్గర పెద్ద స్టోరుకి వెళ్తే కేరెక్స్ అని రెండు రకాలు కనిపించాయి, ఎవర్‌గోల్డ్ ఒకటి, ఐస్ డాన్స్ ఒకటి. పసుపు, తెలుపు చారలతో చూడటానికి బాగున్నాయి, నీడకి మంచిదని లేబుల్ మీద రాశారు. అవి తెచ్చుకోవచ్చా, లేక పెన్సిల్వేనికా కోసమే వెతకాలా?

ఎల్లికాట్‌సిటీ_శ్రీను (మేరీలాండ్)

పద్మజ గారూ, ఆ రెండూ జపాన్ మొక్కలు. ఎవర్‌గోల్డ్ కేరెక్స్ ఓషిమెన్సిస్, ఐస్ డాన్స్ కేరెక్స్ మోరోవై. కుండీలో, గుమ్మం పక్కన పెట్టుకుంటే అభ్యంతరం లేదు గానీ ఓక్ కింద నేలంతా పరచడానికి ఇక్కడి మొక్కే వేయండి. కేరెక్స్ జాతిలో ప్రపంచమంతా కలిపి 2000 దాకా రకాలున్నాయి, కాబట్టి లేబుల్ మీద కేరెక్స్ అన్నంత మాత్రాన ఏమీ తెలియదు, రెండో పేరు చదవాల్సిందే. కాలిఫోర్నియాలో బర్క్‌లీ సెడ్జ్ పేరుతో అక్కడి స్థానిక కేరెక్స్ ట్యూములికోలా అని చాలాకాలం అమ్మినది నిజానికి యూరప్ నుంచి వచ్చిన కేరెక్స్ డివల్సా. నేటివ్ అనుకుని పరాయిదాన్ని నాటుకున్నవాళ్లు ఎందరో. అందుకే నేటివ్ మొక్కలే పెంచే నర్సరీలో కొనండి.

ఓక్‌నీడ గారు చెప్పలేదు గానీ ఆయన ఉన్న చోటికి దగ్గర్లోనే, డెలావేర్‌లోని హాకెసిన్‌లో మౌంట్ క్యూబా సెంటర్ అనే నేటివ్ మొక్కల తోట ఉంది. అక్కడ 2018 నుంచి కొన్నేళ్లపాటు 70 రకాల కేరెక్స్‌లని ఎండలో, నీడలో పక్కపక్కన పెంచి మార్కులు వేశారు. అందులో అన్నిటికంటే ముందు నిలిచింది కేరెక్స్ వుడై. పెన్సిల్వేనికా కంటే ఆకు కొంచెం వెడల్పు, అదీ దుంపకాండాలతో అల్లుకునేదే. దొరికితే ఒక ట్రే అదీ కలుపుకోండి.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉన్నవాళ్ల కోసం ఇంకో మాట. మా మేరీలాండ్‌లో 2021లో చట్టం వచ్చింది, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. లాన్ గడ్డి మాత్రమే ఉండాలని హెచ్‌ఓఏ పట్టుబట్టడానికి వీల్లేదు, నేటివ్ మొక్కల తోటలాంటి వాటిని అకారణంగా అడ్డుకోకూడదు. అయితే ఇంటివాళ్లు దాన్ని చూసుకుంటూ ఉండాలన్న షరతు అందులోనే ఉంది, వదిలేసి చట్టం చూపిస్తే కుదరదు. మా హెచ్‌ఓఏతో ఈ విషయంలో నాకు చాలా ఉత్తరాలు నడిచాయి, చివరికి ఆ చట్టం కాపీ జతచేసి పంపాకే ఆగారు. వేరే రాష్ట్రాలవాళ్లు మీ నిబంధనలు ముందు చదువుకోండి. అంచులో చిన్న ఇటుక వరస పెట్టారంటే చూసేవాళ్లకి ఇది కావాలని వేసిన తోట అని తెలుస్తుంది, సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

ఫ్రిస్కో_మాధవి (టెక్సాస్)

మాది డాలస్ దగ్గర నల్లరేగడి లాంటి జిగురు మట్టి, లైవ్ ఓక్ నీడ, ఆగస్టులో ఎండ సంగతి చెప్పక్కర్లేదు. సెయింట్ ఆగస్టీన్ లాన్ గడ్డి కూడా చెట్టు మొదలు దగ్గర పలచబడిపోయింది. ఇక్కడ పెన్సిల్వేనికా వేయవచ్చా? ఆన్‌లైన్ నర్సరీవాళ్లు మాత్రం ఏ రాష్ట్రానికైనా పంపిస్తాం అంటున్నారు.

ఆస్టిన్_లక్ష్మి

మాధవీ, వేయకు. వాళ్లు పంపిస్తారు, మన వేసవిలో అది మాడిపోతుంది. అది చలికాలం గట్టిగా ఉండే చోటి మొక్క, లేబుల్ మీద జోన్ (చలిని బట్టి చేసిన ప్రాంతాల విభజన) 3 నుంచి 8 అని రాసినా 8లో వేడి తక్కువ ఉన్నచోట్లే దానికి సుఖం. మనకి మన టెక్సాస్ సెడ్జ్‌లు ఉన్నాయి. కేరెక్స్ టెక్సెన్సిస్ సన్నగా, పొట్టిగా లాన్ లాగే కనిపిస్తుంది. కేరెక్స్ ప్లానోస్టాకిస్, దీన్నే సీడర్ సెడ్జ్ అంటారు, మా వైపు సున్నపురాతి కొండల్లో సీడర్ చెట్ల కింద ఎండిపోయిన నేలలో కూడా కనిపిస్తుంది. నీ జిగురు మట్టికి, వానాకాలంలో తడి నిలిచే చోటుకి కేరెక్స్ చెరొకీన్సిస్ చూడు, కాస్త ఎత్తు పెరుగుతుంది, కంకులు వంగి వేలాడతాయి. నాటడం అక్టోబరు, నవంబరులోనే పెట్టుకో. మనకి చలికాలమే వేరు పట్టే కాలం. వసంతంలో నాటితే వేరు దిగకముందే ఎండలు మీద పడతాయి, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా లాభం ఉండదు.

మిషిగన్_అడవిదారి

నేను వేరే కోణం చెప్తాను, దయచేసి సెడ్జ్ మీద కోపం అనుకోవద్దు, మా ఇంటి వెనకా అదే ఉంది. గ్రేట్ లేక్స్ వైపు మేపుల్ అడవుల్లో జింకలు మరీ ఎక్కువైన చోట ట్రిలియం అనే అడవి పూల మొక్కలు, చిన్న చెట్ల మొలకలు అన్నీ తినేశాక మిగిలేది పెన్సిల్వేనియా సెడ్జ్ ఒక్కటే. యూరప్ నుంచి వచ్చిన వానపాములు ఆకుల పొరని తినేసిన చోట కూడా ఇదే పైచేయి అవుతుంది. అది చాప లాగా పరుచుకున్నాక మేపుల్ మొలకలు లేవడం కష్టం. చూడటానికి పచ్చటి మైదానం, లోపల మాత్రం తర్వాతి తరం చెట్లు లేని అడవి. ఈ తప్పు సెడ్జ్‌ది కాదు, జింకలది, వాటిని తినే జంతువులు లేకుండా చేసిన మనుషులది. అందుకని ఇంటి దగ్గర వేసేటప్పుడు ఇదొక్కటే 200 చదరపు అడుగులూ పరచకండి, మధ్యమధ్య వేరే మొక్కలకి చోటు ఉంచండి.

జంపింగ్ వర్మ్‌లు మీ వైపు ఉన్నాయేమో చూసుకోండి. ఆసియా నుంచి వచ్చిన వానపాములు, ముట్టుకుంటే ఎగిరెగిరి పడతాయి, పైమట్టిని కాఫీ పొడి లాగా గింజలు గింజలుగా చేసేస్తాయి. తెలియని చోటి నుంచి కుండీ మొక్కలు, కంపోస్టు తెచ్చుకోవడం వల్లే ఎక్కువగా వస్తున్నాయి. ప్లగ్‌లు వచ్చాక నాటేముందు మట్టి ఒకసారి విదిల్చి చూడండి.

ఓక్‌నీడ

అడవిదారి గారి మాటకి నా ఓటు. నేను ఇక్కడ తోడు వేసినవి చెప్తాను, ఇవన్నీ న్యూజెర్సీకి కూడా స్థానికాలే: క్రిస్మస్ ఫెర్న్, వైట్ వుడ్ ఆస్టర్, వైల్డ్ జెరేనియం, ఫోమ్‌ఫ్లవర్. స్ప్రింగ్ బ్యూటీ, వర్జీనియా బ్లూబెల్స్ లాంటివి ఏప్రిల్‌లో సెడ్జ్ మధ్యలోంచి పూసి, వేసవి వచ్చేసరికి నేలలోకి వెళ్లిపోతాయి. అవి పోయిన ఖాళీని సెడ్జ్ ఆకు వాలి కప్పేస్తుంది, మట్టి బయటపడదు. బ్లూబెల్స్‌ని కాస్త తడి ఆగే చోట పెట్టండి, మేపుల్ కింద వద్దు. ఆస్టర్ మాత్రం ఎండిన నేలని బాగా తట్టుకుంటుంది, మేపుల్ వైపు దాన్నే ఎక్కువ వేయండి. జింకలు ఫెర్న్‌ని వదిలేస్తాయి, ఆస్టర్‌ని చిన్నప్పుడు కొరుకుతాయి కాబట్టి మొదటి ఏడాది వల కప్పండి.

నల్ల వాల్‌నట్ చెట్టు ఉన్నవాళ్లు కూడా భయపడకుండా ఈ సెడ్జ్ వేసుకోవచ్చు, ఆ చెట్టు విషం దీన్ని బాధించదు.

పద్మజ_ప్లెయిన్స్‌బరో

మావారికి ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఇంత దట్టంగా పెరిగితే టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) వస్తాయని. కోయకుండా వదిలేయాలా, లాన్ మోవర్ పెట్టాలా? చలికాలంలో పచ్చగానే ఉంటుందా?

శ్రూస్‌బరీ_అరుణ (మసాచుసెట్స్)

పద్మజ గారూ, మా ఇంటి పక్క వాలులో వేసి చాలా ఏళ్లయింది, పూర్తిగా అల్లుకున్నాక ఎలా ఉంటుందో నేను చెప్పగలను. ఎత్తు 6 నుంచి 12 అంగుళాలు, కోయకపోతే ఆకులన్నీ వాలు వైపు ఒరిగి మెత్తటి దుప్పటిలా పడుకుంటాయి. వాన నీళ్లు దాని మీద జారి నెమ్మదిగా ఇంకిపోతాయి, మా వాలులో మట్టి కొట్టుకుపోవడం ఆగిపోయింది, మీ పేషియో బాధ కూడా ఇలాగే తీరుతుంది.

ఏప్రిల్‌లో ఒకసారి నేల మీద కూర్చుని చూడండి. సన్నని మూడు పలకల కాడ, వేళ్ల మధ్య తిప్పితే ఆ అంచులు తెలుస్తాయి. దాని చివర ముదురు గోధుమ రంగు మగ కంకి, అందులోంచి లేత పసుపు కేసరాలు బయటికి వేలాడుతూ గాలికి ఊగుతాయి. దాని కిందే ఆడ పూలు, తెల్లటి దారపు పోగుల్లాంటి కీలాగ్రాలు ఒక్కో పువ్వుకి మూడు. మొత్తం ఒక అంగుళం కూడా ఉండదు. నిలబడి చూస్తే ఏమీ కనిపించదు, అందుకే దీనికి పూలే లేవనుకుంటారు చాలామంది. మా అమ్మాయికి పదేళ్లప్పుడు భూతద్దం ఇచ్చి చూపించాను, ఇప్పటికీ ప్రతి ఏప్రిల్‌లో తనే గుర్తుచేస్తుంది.

చలికాలం సంగతి: మంచు తక్కువ పడితే సగం పచ్చగా ఉంటుంది, మా దగ్గర జనవరికల్లా గడ్డివాము రంగుకి వస్తుంది. అది చచ్చిపోలేదు, కంగారుపడి పీకకండి. మార్చి మొదట్లో, కొత్త ఆకు లేవకముందు మోవర్ బ్లేడు మూడు అంగుళాలకి ఎత్తిపెట్టి ఒక్కసారి కోస్తే చాలు. కోయకపోయినా కొత్త ఆకు పాతదాన్ని కప్పేస్తుంది. లాన్ లాగే కనిపించాలంటే జూన్‌లో ఇంకోసారి కోయవచ్చు, అంతకుమించి వద్దు.

టిక్స్ ఈ ఊళ్లలో అడవి, జింకలు ఉన్నచోట ఎలాగూ ఉంటాయి, సెడ్జ్ ఉన్నా లేకపోయినా. పిల్లలు ఆడే చోటుకీ ఈ నీడ భాగానికీ మధ్య మూడు అడుగుల వెడల్పున చెక్క ముక్కల పట్టీ వేయండి, సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్పే పద్ధతి అదే. లోపలికి వెళ్లొచ్చాక కాళ్లు చూసుకోవడం అలవాటు చేయండి.

కరీంనగర్_టు_కొలంబస్

నాన్నకి ఓక్‌నీడ అన్న చెప్పినట్టే చూపించిన. దగ్గర్లో పార్కుల ఓక్‌ల కింద నిజంగనే ఇది ఉంది. మొదట్ల ఊదా రంగు చూసి, ఆకు లాగి చూసి, "దీనికి గడ్డ లేదు, ఇది వేరే" అన్నడు. ఇప్పుడు నాటుడు పని తనే చేస్తనంటుండు. ఒక ప్రశ్న: మా ఇంట్ల ఆకులు విపరీతంగ రాలతయి, ఓక్ ఆకు మందం కదా, మొత్తం కప్పేస్తే కింద మొక్క చస్తదా? బ్లోయర్‌తో ఊడ్పియ్యాల్నా?

ఎల్లికాట్‌సిటీ_శ్రీను

అల్లుకున్న మొక్క అయితే ఓక్ ఆకుల్లోంచి పొడుచుకుని వస్తుంది, అడవిలో చేసేది అదే కదా. మొదటి రెండేళ్లు మాత్రం మందంగా పేరుకోనివ్వద్దు. మోవర్‌తో ఒకసారి ఆకుల మీద నడిపి తునకలు చేసి, ప్లగ్‌ల మధ్య పలచగా పరచండి, కలుపూ తగ్గుతుంది, మట్టికి బలమూ వస్తుంది. బ్లోయర్‌తో మొత్తం ఊడ్చిపారేస్తే వర్షానికి మట్టి పోతుంది, ఆకుల్లో చలికాలం గడిపే పురుగులూ పోతాయి. దుకాణాల్లో అమ్మే చెక్క మల్చ్ మూడు అంగుళాల మందాన వేయించుకోవద్దు, దానికింద సెడ్జ్ కొత్త పిలకలు బయటికి రావడానికి ఇబ్బంది పడతాయి.

అల్లుకున్నాక మళ్లీ కొనాల్సిన పని లేదు. దట్టంగా ఉన్నచోట శరదృతువు మొదట్లో పారతో ఒక ముద్ద ఎత్తి, ఒక్కో ముక్కకి నాలుగైదు పిలకలూ, వేర్లూ ఉండేలా చేత్తో విడదీసి ఖాళీలో పెట్టండి. నేను స్నేహితులకి ఇచ్చినవన్నీ అలా విడదీసినవే.

పద్మజ_ప్లెయిన్స్‌బరో

అయితే ఇదీ నా ప్లాన్, ఎక్కడైనా తప్పుంటే చెప్పండి. సెప్టెంబరు రెండో వారంలో పెన్సిల్వేనికా ఐదు ట్రేలు, వుడై ఒక ట్రే. ఓక్‌ల కింద 10 అంగుళాలకి ఒకటి, మేపుల్ వైపు 8 అంగుళాలకి. మిగిలిన చోట్ల క్రిస్మస్ ఫెర్న్‌లు, వుడ్ ఆస్టర్‌లు. లాన్ కంపెనీకి ఈ భాగంలో విత్తనం, ఎరువు, మందు ఏదీ వద్దని ఈమెయిల్ పంపేశాను. ఇప్పుడున్న చచ్చీ చావని గడ్డిని ఏం చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

ఓక్‌నీడ

ప్లాన్ బాగుంది, ఒక్క లెక్క చూసుకోండి: మేపుల్ వైపు 8 అంగుళాలు అంటే ఆరు ట్రేలకి కాస్త తగ్గవచ్చు, ఫెర్న్‌లు ఎంత చోటు తీసుకుంటాయో చూసి ఇంకో ట్రే కలుపుకోండి. గడ్డి ఎలాగూ పలచగా ఉంది కాబట్టి ఇప్పటినుంచే నీళ్లు ఆపేయండి, ఆగస్టు చివర మోవర్‌ని వీలైనంత కిందికి దించి కోయండి. మిగిలిన దుబ్బుల్ని కత్తితో చెక్కేయండి, నేల తిరగేయకుండా. అట్టముక్కలు పరచడం ఓక్ కింద పెద్ద విస్తీర్ణంలో చేయకండి, వేర్లకి గాలి, నీరు అందడం తగ్గుతుంది. నాటిన రోజే బాగా తడపండి, అక్కడి నుంచి నేల గడ్డకట్టేదాకా వాన లేని వారం ఒకసారి తడిపితే చాలు. మార్చిలో కొన్ని ప్లగ్‌లు చలికి పైకి తేలి కనిపిస్తాయి, వాటిని కాలి మడమతో నొక్కేయండి.